బి.ఎం. పియానో ఆడిషన్‌కు ఏ రచనలు ఎంచుకోవాలి?

నమస్కారం. మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైన సంగతి ఇది. మీ అమ్మాయి న్యూజెర్సీలో పదకొండో తరగతి చదువుతోంది, పియానో పెర్‌ఫార్మెన్స్‌లో బి.ఎం. (బ్యాచిలర్ ఆఫ్ మ్యూజిక్) డిగ్రీ కోసం వచ్చే శీతాకాలంలో ఆరేడు కళాశాలల్లో ఆడిషన్ ఇవ్వాలనుకుంటోంది. హైదరాబాద్‌లో ఉండగానే బ్రిటిష్ సంగీత పరీక్షల సంస్థ ఎ.బి.ఆర్.ఎస్.ఎం. ఎనిమిదో గ్రేడు పూర్తి చేసింది. అంతకుముందు నాలుగేళ్లు కర్ణాటక గాత్రం నేర్చుకుని వర్ణాల దాకా వచ్చింది. తను రాసుకున్న జాబితాలో బాఖ్ 'వెల్-టెంపర్డ్ క్లావియర్' మొదటి సంపుటంలోని సి మేజర్ ప్రెల్యూడ్, దాని జంట అయిన ఫ్యూగ్ (ఒకే మూలపంక్తిని పలు గళాలు వరుసగా అందుకునే రచన), బీథోవెన్ 'అపాసియోనాటా' సొనాటా (పలు భాగాలున్న వాద్య రచన), షోపాన్ జి మైనర్ బల్లాడ్, రెండేళ్లుగా వాయిస్తున్న షోపాన్ 'రెవల్యూషనరీ' ఎట్యూడ్ (ఒక వాదన నైపుణ్యానికి అభ్యాసంగా రాసిన రచన) ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దపు రచన ఏదన్నది ఇంకా తేలలేదు. ఈ జాబితా సరిపోతుందా, లేక ఇంకా కష్టమైనవి పెట్టాలా అని మీరు అడిగారు.

నేను ఇక్కడ ఒక విశ్వవిద్యాలయ సంగీత విభాగంలో పద్దెనిమిదేళ్లు పియానో బోధించాను, అందులో ఎక్కువ సంవత్సరాలు ప్రవేశ ఆడిషన్లలో బల్లకు అవతలి వైపు కూర్చున్నాను. ఆ అనుభవంతో చెప్తున్నాను: ఎట్యూడ్‌ను ఉంచండి, మిగిలిన మూడింటినీ మార్చండి, ఇంకా కష్టమైనవి మాత్రం పెట్టకండి. ఆడిషన్‌కు తీసుకెళ్లే రచన అమ్మాయి బాగా వాయించిన రోజున ఎలా వినిపిస్తుందన్నది కాదు, సరిగా నిద్రపట్టని రాత్రి తర్వాత, చేతులు చల్లబడి ఉండగా, ఎన్నడూ తాకని పియానో మీద ఎలా వినిపిస్తుందన్నదే ఎంపికకు కొలమానం కావాలి. ఈ సమాధానంలో మిగిలినదంతా ఆ ఒక్క మాటను మీ అమ్మాయి జాబితాకు అన్వయించి చూడటమే.

రచనల దాకా వెళ్లేముందు చేయాల్సిన పని ఒకటి ఉంది. అమ్మాయి దరఖాస్తు చేయబోయే ప్రతి కళాశాల పియానో విభాగపు ఆడిషన్ నిబంధనలను ఒకే కాగితం మీద పక్కపక్కన రాసుకోండి. చాలా చోట్ల అడిగేది ఇంచుమించు ఒకే నమూనాలో ఉంటుంది: బాఖ్ రచన ఒకటి, హైడన్, మోజార్ట్, బీథోవెన్‌లలో ఒకరి సొనాటా, పంతొమ్మిదో శతాబ్దపు రొమాంటిక్ రచన, ఒకటో రెండో ఎట్యూడ్‌లు, ఇరవయ్యో శతాబ్దం లేదా ఆ తర్వాతి రచన. తేడాలన్నీ వివరాల్లో ఉంటాయి. ఒక చోట సొనాటా మొత్తం కావాలంటారు, మరో చోట మొదటి భాగం చాలంటారు. ఒక చోట డెబ్యుస్సీని ఇరవయ్యో శతాబ్దం కింద ఒప్పుకుంటారు, మరో చోట ఒప్పుకోరు. ఎట్యూడ్ అంటే వేగంగా నడిచేదే కావాలని, షోపాన్ ఓపస్ (ప్రచురణ సంఖ్య) 10లో 3, 6 సంఖ్యలు, ఓపస్ 25లో 7వది వంటి నిదాన రచనలు చెల్లవని కొన్ని చోట్ల స్పష్టంగా రాస్తారు. అన్నింటిలోకీ కఠినమైన నిబంధనను తృప్తిపరిచే ఒకే కార్యక్రమాన్ని తయారు చేస్తే మిగిలిన కళాశాలలకు అందులోంచే తీసుకోవచ్చు. ఒక్కో కళాశాలకు ఒక్కో రచన నేర్పబోయి ఏడెనిమిది రచనలను సగం సగం పట్టుకున్న పిల్లలను నేను చాలామందిని చూశాను, వాళ్లలో ఎవరికీ అది కలిసిరాలేదు.

ఎనిమిదో గ్రేడు విషయంలో మీకు ఒక భరోసా ఉన్నట్టు మీ ఉత్తరంలో కనిపించింది. ఆ పరీక్ష మంచి పునాది, కాదనను. అయితే అక్కడ సాధారణంగా సొనాటాలో ఒక భాగమే వాయిస్తారు, ఎదుట పుస్తకం పెట్టుకోవచ్చు, మొత్తం వాయింపు పది పన్నెండు నిమిషాల్లో అయిపోతుంది. బి.ఎం. ఆడిషన్‌కు అరగంట నుంచి నలభై నిమిషాల సంగీతం, చాలా చోట్ల మొత్తం పుస్తకం చూడకుండా, సిద్ధంగా ఉండాలి. అందులో వాళ్లు వినేది పది, పదిహేను నిమిషాలే కావచ్చు. కానీ ఏ పదిహేను నిమిషాలు వింటారో ముందుగా తెలియదు. మొదటి రచనను అభ్యర్థి ఎంచుకుంటే తర్వాతివి ఆచార్యులు అడుగుతారు, మధ్యలో ఆపుతారు, ఒక్కోసారి ఫలానా చోటు నుంచి మొదలుపెట్టమంటారు. ఆపడం నచ్చకపోవడానికి గుర్తు కాదని అమ్మాయికి ఇప్పటినుంచే చెప్పి ఉంచండి, ఎందుకంటే ఆ ఒక్క అపోహతో తర్వాతి రచనను పాడుచేసుకున్నవాళ్లున్నారు.

ఇక బాఖ్. సి మేజర్ ప్రెల్యూడ్‌ను పియానో మొదలుపెట్టిన రెండో మూడో ఏడాదిలోనే పిల్లలు వాయించేస్తారు గనుక దాని పక్కనున్న ఫ్యూగ్ కూడా తేలికని అనుకుంటారు. నిజానికి ఆ ఫ్యూగ్ 27 బార్ల (తాళ ఆవర్తాల) లోపే నాలుగు గళాలను, అంటే ఒకేసారి సాగే స్వరపంక్తులను, నడుపుతుంది, ఒక గళం మూలపంక్తిని పూర్తి చేయకముందే మరో గళం అందుకుంటుంది, చేతికి ఎక్కడా విశ్రాంతి లేదు. వినేవాళ్లకు ప్రెల్యూడ్ మరీ తేలికగా, ఫ్యూగ్ గజిబిజిగా వినిపించే ప్రమాదం ఉంది. అంటే శ్రమంతా ఫ్యూగ్‌లో, ప్రయోజనం రెండింటిలోనూ లేదు. దాని బదులు అదే మొదటి సంపుటంలోని బి ఫ్లాట్ మేజర్‌ను చూడమంటాను. ప్రెల్యూడ్ టొకాటాలా మెరుస్తూ పరుగెత్తుతుంది, మూడు గళాల ఫ్యూగ్ తేటగా, నవ్వు ముఖంతో ఉంటుంది. డి మేజర్ కూడా మంచిదే. సి మైనర్‌ను చాలామంది ఎంచుకుంటారు, అది తప్పు కాదు గానీ మీ అమ్మాయి ఎట్యూడ్ కూడా సి మైనర్‌లోనే ఉంది కాబట్టి వద్దంటున్నాను. ఇ మైనర్ వైపు మాత్రం వెళ్లకండి. రెండు సంపుటాల్లోని 48 ఫ్యూగ్‌లలో రెండే గళాలున్నది అదొక్కటే, కొందరు ఆచార్యులు దాన్ని చాలీచాలని ఎంపికగా చూస్తారు.

ఫ్యూగ్ గురించి కొంచెం విడమరిచి చెప్పాలి, ఎందుకంటే ఆడిషన్‌లో జ్ఞాపకం తప్పే చోటు ఎక్కువగా ఇదే. సొనాటాలో తడబడితే ఎడమ చేతి కార్డ్‌ను (కలిపి మోగించే స్వరాల గుంపును) పట్టుకుని రెండు బార్ల తర్వాత మళ్లీ దారిలో పడవచ్చు. ఫ్యూగ్‌లో వేళ్ల అలవాటు తెగిపోతే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. దీనికి మీ అమ్మాయి దగ్గర చాలామంది దగ్గర లేని సాధనం ఉంది. గాత్రం నేర్చుకున్న పిల్ల కదా, ఒక గళాన్ని గొంతుతో పాడుతూ మిగిలిన రెండింటిని వాయించమనండి. వారం తర్వాత పాడే గళాన్ని మార్చమనండి. స్వరాల పేర్లతో పాడినా ఫరవాలేదు. మూడు గళాలనూ అలా పాడగలిగిన రోజున ఆ ఫ్యూగ్ వేళ్లలోంచి చెవిలోకి చేరినట్టు. మూలపంక్తి ప్రవేశించే ప్రతి చోటునూ గుర్తుపెట్టుకుని అక్కడి నుంచి మొదలుపెట్టడం కూడా అభ్యాసం చేయాలి.

సొనాటా దగ్గర నేను గట్టిగానే అడ్డు చెప్తాను. అపాసియోనాటా బీథోవెన్ 32 సొనాటాలలో అత్యంత భారమైన వాటిలో ఒకటి, ఇరవై నిమిషాలకు పైగా సాగుతుంది, చివరి భాగం అప్పటికే అలిసిన చేతులను ఇంకా వేగం అందుకోమంటుంది. పదిహేడేళ్ల వయసులో దాన్ని నిజంగా వాయించగలిగేవాళ్లు ఉన్నారు. వాళ్లు ఎప్పుడో దాన్ని నేర్చుకుని, వేదికల మీద వాయించి ఉంటారు. ఇంకా మొదలుపెట్టని పిల్ల డిసెంబరుకల్లా దాన్ని తెస్తే వినేవాళ్లకు సొనాటా వినిపించదు, కష్టం వినిపిస్తుంది. కొన్నేళ్ల క్రితం నా దగ్గర చదివిన ఒక అబ్బాయికి నేనే ఆ రచన ఒప్పుకున్నాను. అతని ఉత్సాహం చూసి కాదనలేకపోయాను. అతను మొదటి భాగంలోనే రెండుసార్లు ఆగిపోయాడు, తర్వాత అడిగిన బాఖ్‌ను తనకు ఎంతో బాగా వచ్చినా చేతులు వణికి సరిగా వాయించలేకపోయాడు. ఆ తప్పు నాదే, అందుకే ఈ విషయంలో ఇంత పట్టుదలగా రాస్తున్నాను.

అమ్మాయికి అపాసియోనాటాలోని ఎఫ్ మైనర్ ఉద్రేకమే కావాలంటే బీథోవెన్ మొదటి సొనాటా, ఓపస్ 2లో 1వది, అదే శ్రుతిలో ఉంది. 1796లో అచ్చయిన ఆ సొనాటా నాలుగు భాగాలు, చివరిది ప్రెస్టిసిమో (అతివేగం), ఆవేశానికి లోటు లేదు. అయితే చేతికి అందే పరిమాణంలో ఉంటుంది. బీథోవెన్ ఓపస్ 10లోని 1వ సొనాటా కూడా ఈ స్థాయికి తగినదే గానీ అదీ సి మైనర్. ఓపస్ 49లోని రెండు సొనాటాలను ఎంత చక్కగా వాయించినా పనికిరావు. బీథోవెన్ తేలిక సొనాటాలుగానే అచ్చయిన వాటిని కొన్ని కళాశాలలు పేరు పెట్టి మరీ మినహాయిస్తాయి. 'మూన్‌లైట్' గురించి కూడా మీరు అడగబోతారని నాకు అనిపిస్తోంది: దాని మొదటి భాగం నిదానమైనది, కాబట్టి వేగమైన మొదటి భాగం అడిగే చోట అది చెల్లదు. మోజార్ట్‌లోనూ ఇలాంటి చిక్కే ఒకటుంది. 'టర్కిష్ మార్చ్'తో ముగిసే కె. 331 సొనాటాలో ఒక్క భాగం కూడా సొనాటా రూపంలో (సొనాటాల మొదటి భాగాలకు వాడుకైన నిర్మాణంలో) లేదు, నిబంధనలో ఆ మాట ఉంటే అది కుదరదు.

హైడన్‌ను మన పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు తక్కువగా చూడటం నాకు బాధ కలిగిస్తుంది. ఇ మైనర్ సొనాటా, హైడన్ రచనలకు హోబోకెన్ తయారుచేసిన పట్టికలో 16వ విభాగపు 34వది, చిన్నదే అయినా మొదటి భాగంలోని నిశ్శబ్దాలను సరిగ్గా వాయించగలవాళ్లు అరుదు. అక్కడ శబ్దం లేని చోట కూడా కాలప్రమాణం నడుస్తూనే ఉండాలి. తాళం వేస్తూ పాడటం అలవాటైన పిల్లకు అది లోపల వినపడుతుంది, అలవాటు లేనివాళ్లు విరామాన్ని తొందరగా మింగేస్తారు. మేము ఆ సొనాటాను విని వెంటనే చేర్చుకోవాలని నిర్ణయించుకున్న అభ్యర్థి ఒకరున్నారు. ఆ ఏడాది అదే గదిలో మేము విన్న పెద్ద పెద్ద సొనాటాలు ఇప్పుడు నాకు గుర్తు లేవు. బీథోవెనా, హైడనా అన్నది అమ్మాయి రెండింటినీ వారం రోజులు చదివి చూసి తేల్చుకోవచ్చు.

ఎట్యూడ్ గురించి చెప్పేది తక్కువ. షోపాన్ ఓపస్ 10లోని 12వది వేగమైనదే కాబట్టి నిబంధనలకు సరిపోతుంది, రెండేళ్లుగా చేతిలో ఉంది కాబట్టి స్థిరపడి ఉంటుంది, ఎడమ చేతి బలాన్ని చూపుతుంది. రెండో ఎట్యూడ్ అడిగే కళాశాల ఉంటే కుడి చేతికి పని ఉన్నదాన్ని జతచేయండి. ఓపస్ 10లోని 5వది, దాదాపు పూర్తిగా నల్ల మెట్ల మీద నడిచేది, చిన్న చేతులకూ అందుతుంది. అదే ఓపస్‌లోని 1వది చేతిని బాగా సాగదీయమంటుంది, 2వది బలహీనమైన వేళ్లను విశ్రాంతి లేకుండా నడిపిస్తుంది. ఈ ఎనిమిది నెలల్లో కొత్తగా మొదలుపెట్టాల్సినవి కావు అవి. ఒకవేళ ముంజేతిలోనో మణికట్టులోనో నొప్పి మొదలైతే ఆ రోజుకు వాయించడం ఆపించండి, పంటి బిగువున సాగనివ్వకండి. ఆడిషన్ సంవత్సరంలో చేతికి గాయం చేసుకుని ఏడాది కోల్పోయినవాళ్లు నాకు తెలుసు.

జి మైనర్ బల్లాడ్ మీ అమ్మాయికి ప్రాణమని రాశారు, కోడా (ముగింపు భాగం) ముందు వరకు వచ్చిందని కూడా రాశారు. ఆ 'కోడా ముందు వరకు' అన్న మాటే నన్ను ఆపింది. 1836లో అచ్చయిన ఆ రచనను ఆడిషన్ల కాలంలో ఒక్క రోజులోనే పలుమార్లు వింటాం, అందరూ మొదటి పేజీలను బాగానే వాయిస్తారు, చివరి పేజీల ప్రెస్టో కాన్ ఫువోకో (వేగంగా, ఆవేశంగా) దగ్గరే వేరుపడతారు. ఆచార్యులు అడిగేది కూడా తరచుగా అక్కడి నుంచే. అందుకని వేరే దారి చెప్తాను. బ్రామ్స్ 1893లో ప్రచురించిన ఓపస్ 118లో ఆరు రచనలున్నాయి. వాటిలో 2వదైన ఎ మేజర్ ఇంటర్‌మెజో, 3వదైన బల్లాడ్ రెండింటినీ కలిపి వాయిస్తే పది నిమిషాల లోపు అవుతుంది. ఆ బల్లాడ్ కూడా జి మైనరే. మొదటిది స్వరంలోని నాణ్యతను, లోపలి గళాలను వినగల చెవిని చూపిస్తుంది, రెండోది నిండైన కార్డ్‌లతో చేతి బలాన్ని చూపిస్తుంది. షోపాన్‌ను ఎట్యూడ్‌లో ఎలాగూ వింటారు గనుక రొమాంటిక్ రచన మరొకరిది కావడమే మేలు. షూబర్ట్ ఓపస్ 90 ఇంప్రాంప్టూలు, మెండెల్సన్ రోండో కాప్రిచియోసో కూడా ఈ స్థానానికి తగినవి.

ఇక్కడ ఒక ఇంటి సంగతి అడగాలి. మీ ఇంట్లో ఉన్నది డిజిటల్ పియానో అయితే బ్రామ్స్‌ను దాని మీద మాత్రమే తయారు చేయడం కుదరదు. తీగల పియానో మీద పెడల్‌ను సగం నొక్కి ఉంచడం, మెట్టు అడుగున బరువును తెలుసుకోవడం వేరుగా ఉంటాయి. గురువుగారి ఇంట్లోనో, పాఠశాలలోనో, గంటకు అద్దెకిచ్చే స్టూడియోలోనో వారానికి రెండు మూడుసార్లు గ్రాండ్ పియానో తాకే ఏర్పాటు ఈ వేసవిలోనే చేయండి. వేర్వేరు పియానోల మీద వాయించడం దానంతట అదే ఒక అభ్యాసం.

ఇరవయ్యో శతాబ్దపు రచన తేలలేదన్నారు, నాకు మాత్రం ఈ జాబితాలో అన్నిటికంటే ఆసక్తి కలిగించిన ఖాళీ అదే. బార్టోక్ 1926 నుంచి 1939 వరకు రాసిన 'మైక్రోకాస్మోస్' 153 రచనల్లో చివరి ఆరు, 148 నుంచి 153 వరకు, బల్గేరియన్ లయల నృత్యాలు. వాటిలో 149వది 2+2+3గా ఏడు మాత్రలతో, 150వది ఐదు మాత్రలతో నడుస్తాయి. ఇక్కడి పిల్లలు ఆ లయను లెక్కపెట్టుకుంటూ నేర్చుకుంటారు, లెక్క వినిపిస్తూనే ఉంటుంది. ఖండచాపు, మిశ్రచాపు చేత్తో వేసిన పిల్లకు ఐదూ ఏడూ పరాయివి కావు. మిశ్రచాపులో 3+4గా ఉండేది 149లో తిరగబడి 4+3 అవుతుంది, మనవాళ్లు విలోమ చాపు అనే నడక అది. ఆరింటినీ, లేదా నిబంధన ఒప్పుకుంటే నాలుగింటిని, వరుసగా వాయిస్తే మంచి ముగింపు అవుతుంది. అమ్మాయికి బార్టోక్ రుచించకపోతే హినాస్తెరా 1937 నాటి 'అర్జెంటీనా నృత్యాలు' మూడూ ఉన్నాయి. మొదటిదానిలో ఒక చేయి తెల్ల మెట్ల మీద, మరొకటి నల్ల మెట్ల మీద నడుస్తాయి, మూడోది గట్టిగా ఉంటుంది కాబట్టి కేవలం చప్పుడుగా మారకుండా చూసుకోవాలి. సినిమా పాటల పియానో ఏర్పాట్లు, ఇంటర్నెట్‌లో ప్రాచుర్యం పొందిన మెత్తటి పియానో రచనలు ఈ స్థానంలో పెట్టకండి. వాటిని ప్రేమించడం తప్పు కాదు, ఈ ఆడిషన్ వాటి కోసం కాదు, అంతే.

ఇలా చూస్తే బాఖ్ బి ఫ్లాట్ మేజర్, బీథోవెన్ ఎఫ్ మైనర్ లేదా హైడన్ ఇ మైనర్, షోపాన్ ఎట్యూడ్ సి మైనర్, బ్రామ్స్ ఎ మేజర్, జి మైనర్, చివర బార్టోక్ అవుతాయి. శ్రుతులు, వేగాలు, స్వభావాలు ఒకదానికొకటి భిన్నంగా ఉన్నాయి, మొత్తం ఇంచుమించు నలభై నిమిషాలు ఉంటుంది. మొదట వాయించేది ఎట్యూడ్ కాకూడదు, చల్లని చేతులతో దాన్ని అందుకోవడం సాహసం. నేనైతే బాఖ్ ప్రెల్యూడ్‌తోనో, హైడన్‌ను ఎంచుకుంటే దానితోనో మొదలుపెట్టిస్తాను. తను ఎన్నుకోగలిగేది మొదటి రచన ఒక్కటే కాబట్టి అందులో తనకు ఊపిరి ఆడాలి.

మీవారు కంప్యూటర్ సైన్స్ కూడా కలిపి చదివించవచ్చా అని అడిగారు. చదివించవచ్చు, ఒబెర్లిన్ వంటి చోట్ల సంగీతంలో ఒక డిగ్రీ, మరో విషయంలో ఒక డిగ్రీ కలిపి ఐదేళ్లలో పూర్తిచేసే మార్గం ఉంది. అయితే రెండు వైపులా ప్రవేశం విడివిడిగా రావాలి, సంగీతం వైపు ఆడిషన్ ప్రమాణం ఏమాత్రం తగ్గదు. సంగీతంలో బి.ఎ. అయితే చాలా చోట్ల ఆడిషన్ బదులు పదిహేను నిమిషాల లోపు రికార్డింగ్ పంపితే సరిపోతుంది. అలాంటివి కూడా రెండు జాబితాలో ఉంచుకోమని నా సలహా. అమ్మాయి శక్తి మీద అనుమానంతో ఈ మాట అనడం లేదు, పియానోకు ఒక్కో కళాశాలలో ఏటా తీసుకునే సంఖ్య చాలా చిన్నది.

ప్రీస్క్రీన్ రికార్డింగ్‌లకు (ఆడిషన్‌కు పిలిచేముందు వడపోత కోసం పంపేవాటికి) గడువు చాలా కళాశాలల్లో డిసెంబరు 1 ప్రాంతంలో ఉంటుంది, ఆడిషన్లు జనవరి చివరి నుంచి మార్చి మొదటి వారం వరకు జరుగుతాయి. రికార్డింగ్‌లో ఒక్కో రచననైనా, ఒక్కో భాగాన్నైనా అతుకులు లేకుండా ఒకే టేక్‌లో వాయించాలి, ముఖం, చేతులు రెండూ కనిపించాలి. ఈ ఏప్రిల్‌లో ఎంపిక ముగిస్తే ఆగస్టుకల్లా స్వరాలన్నీ చేతికి వస్తాయి, సెప్టెంబరులో పుస్తకం మూసేయవచ్చు, అక్టోబరులో గుడిలోనో, స్నేహితుల ఇంట్లోనో, వృద్ధాశ్రమంలోనో నాలుగైదుసార్లు మొత్తం కార్యక్రమాన్ని మనుషుల ముందు వాయించి నవంబరు మొదట్లో రికార్డు చేయవచ్చు. నవంబరు చివరి వారానికి వదిలేస్తే జలుబు చేసినా, పియానో శ్రుతి తప్పినా మరో అవకాశం ఉండదు.

ఇదంతా అమ్మాయి గురువుగారికి చూపించండి; అమ్మాయి వాయింపును ప్రతివారం వింటున్నది ఆమె, నేను కాదు. అభిప్రాయం తేడా వస్తే ఆమె మాటే వినండి. బల్లాడ్ విషయంలో అమ్మాయి మనసు ఒప్పుకోకపోతే గొడవ పడకండి. వేసవిలో బ్రామ్స్‌తో పాటు దాన్ని కూడా పూర్తిచేయనివ్వండి. ఆగస్టులో వరుసగా మూడు ఆదివారాలు, నిద్ర లేచి ముఖం కడుక్కున్న వెంటనే, వేళ్లు కదిలించే వ్యాయామాలేవీ లేకుండా, మీరూ మీవారూ కూర్చుని వింటుండగా, కోడాతో సహా ఒక్కసారే వాయించమనండి. ఆ మూడుసార్లూ అది ఆగకుండా నిలిస్తే నేను పైన రాసింది పక్కన పెట్టి, బ్రామ్స్ స్థానంలో దాన్నే తీసుకెళ్లమనండి.